కైఫియతుల వెనుక కాయకష్టం

కడప జిల్లా జమ్మలమడుగుకు చేరువలో, ఎర్రమల కొండలను నిలువునా చీల్చుకొని పెన్నానది ప్రవహించే చోట గండికోట ఉంది. నది కొండకు పెట్టిన గండి వల్లనే ఆ దుర్గానికి ఆ పేరు వచ్చింది. ఒకవైపు పాతాళాన్ని తలపించే లోయ, మిగిలిన వైపుల ఎత్తైన ప్రాకారం దానికి రక్షణ. విజయనగర ప్రభువుల కాలంలోను, ఆ తరువాతను పెమ్మసాని నాయకులు దీనిని ఏలారు. 17వ శతాబ్ది మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీనిని వశపరచుకొన్నాడు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఇక్కడికి వచ్చి తాను చూచినది గ్రంథస్థం చేశాడు. మాధవరాయస్వామి ఆలయం, రంగనాథాలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం నేటికీ ఆ గతవైభవానికి సాక్ష్యాలు.

ఈ చరిత్ర మనకు ఎలా దక్కింది? శాసనాలు కొంత చెప్పాయి. యాత్రికుల రచనలు కొంత చెప్పాయి. స్థానికులు తమ ఊరిని గురించి తాము చెప్పుకొన్న కథ మాత్రం గండికోట కైఫియతులో మిగిలింది. కైఫియతు అంటే గ్రామవృత్తాంతం. ఊరు ఎప్పుడు వెలసింది, ఎవరు ఏలారు, ఏ గుడికి ఏ మాన్యం ఉంది, ఏ చెరువును ఎవరు తవ్వించారు మొదలైన విషయాలను కరణాల వద్ద ఉన్న దండకవిలెల నుండి, పెద్దల నోటి నుండి సేకరించి వ్రాసిన పత్రమే కైఫియతు. ఇటువంటి వృత్తాంతాలను దక్షిణదేశమంతటా వ్రాయించి భద్రపరచినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. ఆయన పేరు చరిత్రకారులందరికీ తెలుసు. కాని ఆ కాగితాలు మన చేతికి రావడానికి ఎందరి కాళ్లు అరిగాయో, ఎందరి కళ్లు మసకబారాయో, ఎందరి ప్రాణాలు జ్వరాల పాలయ్యాయో తెలిసినవారు తక్కువ. మెకంజీ జీవితం ఒక్క మనిషి కథ కాదు. అది ఒక శ్రామిక సమూహం కథ.

మెకంజీ స్కాట్లాండుకు వాయవ్యంగా ఉన్న లూయిస్ దీవిలోని స్టోర్నొవే పట్టణంలో 1754లో జన్మించాడు. యౌవనంలో అక్కడి సుంకాల కార్యాలయంలో ఉద్యోగం చేశాడు. గణితశాస్త్రం మీద ఆయనకు మక్కువ మెండు. నేపియర్ వంశీయులు తమ పూర్వీకుడైన జాన్ నేపియర్ జీవితచరిత్రను వ్రాయించే ప్రయత్నంలో ఉండి, హిందువుల గణితవిద్యను గురించి తెలుసుకోగోరారు. ఆ జిజ్ఞాస మెకంజీకి కూడా అంటుకొన్నది. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి మద్రాసులో అడుగుపెట్టాడు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు 30 సంవత్సరాలు. ఆనాడు విడిచిన జన్మభూమిని ఆయన మళ్లీ చూడలేదు.

తొలి సంవత్సరాలు యుద్ధాలలోను, రహదారుల కొలతలలోను గడిచాయి. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు సీమలలో ఆయన దారులను కొలిచి పటాలు గీశాడు. 1792 తరువాత నిజాము రాజ్యంలో సర్వేకు నియుక్తుడైనాడు. 1794లో నల్లమల అడవుల గుండా శ్రీశైలం చేరి, ఆలయ ప్రాకారం మీది శిల్పాలను పరిశీలించి వివరంగా వ్రాశాడు. అది బాటలు సరిగా లేని కాలం. ఆయన గుఱ్ఱం మీదనో పల్లకిలోనో సాగితే, ఆయన వెంట గుడారాలు, పరికరాలు, బియ్యం, కాగితాల పెట్టెలు మనుషుల భుజాల మీద, ఎడ్ల వీపుల మీద సాగేవి.

సర్వే అనగానే మనకు పటం కనిపిస్తుంది. పటానికి ముందు గొలుసు ఉంది. గొలుసు కొసలు పట్టుకొని బంజరులోను, రేగడిలోను, ముళ్లపొదలలోను నడిచిన మనుషులున్నారు. కొండశిఖరాన జెండా నాటి, అధికారి దూరదర్శినిలో చూచి గుర్తించేవరకు ఎండలో నిలిచిన లస్కర్లు ఉన్నారు. చూపుకు అడ్డువచ్చిన చెట్లు నరికిన కూలీలు ఉన్నారు. పల్లకి మోసి భుజాన కాయలు కాచిన బోయీలు, ఉత్తరాలు మోసిన హర్కారాలు, దారిపొడవునా చక్రాన్ని దొర్లించి మైళ్లు లెక్కించిన బంట్రోతులు ఉన్నారు. మెకంజీకి సమకాలికుడైన విలియం లాంబ్టన్ 1802 వేసవిలో మద్రాసు వద్ద ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలిపించాడు. దానికి 57 రోజులు పట్టింది. ఎండకు ఉక్కుగొలుసు ఎంత సాగుతుందో తెలుసుకొనడానికి పక్కనే ఉష్ణమాపకాలు ఉంచి లెక్కకట్టారు. అదే ఎండకు గొలుసు పట్టిన మనిషి ఎంత వాడిపోయాడో లెక్కించే సాధనం మాత్రం ఆనాడు ఎవరి వద్దా లేదు.

మెకంజీకి భారతీయ భాషలలో తగిన పరిచయం లేదు. ఈ లోపాన్ని ఆయన దాచుకొనలేదు. ఆయనకు నోరూ చెవీ అయినవాడు ఏలూరువాసి కావలి వేంకట బొర్రయ్య. 1776లో జన్మించిన బొర్రయ్య 20 ఏండ్ల ప్రాయంలోనే మెకంజీ కొలువులో చేరాడు. సంస్కృతాంధ్రాలతో పాటు పెక్కు భాషలు నేర్చిన మేధావి ఆయన. ఊరికి పరాయి దొర వస్తే కరణం కవిలెకట్ట విప్పడు. పూజారి శాసనం చూపడు. కొలత వెనుక కొత్త పన్ను పొంచి ఉన్నదని రైతు భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు, ఎందుకంటే కంపెనీ కొలతలకు అంతిమ ప్రయోజనం పాలన, రాబడి. బొర్రయ్య ముందుగా ఊరు చేరి, పెద్దలకు నమస్కరించి, నచ్చజెప్పి, వారి నోటి మాటను కాగితం మీదికి తెచ్చేవాడు. ఇట్లు ఆయన వేసిన బాటలోనే తరువాతి వారంతా నడిచారు.

1799లో శ్రీరంగపట్టణం పతనమై టిప్పుసుల్తాను మరణించిన పిమ్మట మైసూరు సర్వే బాధ్యత మెకంజీకి అప్పగించబడింది. సుమారు 40,000 చదరపు మైళ్ల భూభాగాన్ని కొలవాలి. లండనులోని కంపెనీ డైరెక్టర్లు పొదుపు పేరుతో ఖర్చు తగ్గించారు. పని మాత్రం తగ్గలేదు. పడమటి కనుమల అంచులలో, వానకాలపు అడవులలో జ్వరాలు విజృంభించాయి. మెకంజీ సైతం జ్వరపీడితుడైనాడు. ఆరోగ్యం చెడి కొలువు వీడిన సహాయకులున్నారు. సర్వేకు వైద్యుడుగాను, ప్రకృతి పరిశోధకుడుగాను నియమింపబడిన జాన్ లేడెన్ తానే రోగియై శ్రీరంగపట్టణంలో మంచం పట్టాడు. వైద్యుడే మంచాన పడిన శిబిరంలో కూలీకి దక్కిన చికిత్స ఎంతో ఊహించుకొనవచ్చు.

ఆ రోజులలో ఈ జ్వరాలు అడవుల చెడుగాలి వల్ల వస్తాయని నమ్మేవారు. దోమకాటులో ఉన్న మర్మం ఎవరికీ తెలియదు. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ దేహంలో మలేరియా క్రిమిని కనుగొనే దాకా ఆ రహస్యం వీడలేదు. అంటే మెకంజీ మనుషులు శత్రువును ఎరుగని యుద్ధం చేశారు. మెకంజీ శాఖకే కాదు, ఆ కాలపు సర్వే అంతటికీ ఇదే గతి. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలకు వెళ్లిన జార్జి ఎవరెస్టు బృందంలో దాదాపు 150 మంది జ్వరాల బారిన పడ్డారు. వారిని మోసుకొనిరావడానికి హైదరాబాదు నుండి ఏనుగులు, పల్లకీలు పంపవలసివచ్చింది. ప్రపంచంలోని అత్యున్నత శిఖరానికి తరువాతి కాలంలో ఎవరెస్టు పేరు పెట్టారు. ఆ అడవిలో ఆయనతో పాటు పడిపోయినవారి పేరు ఏ గుట్టకూ పెట్టలేదు.

ఈ కష్టకాలంలోనే, 1803లో బొర్రయ్య మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు మాత్రమే. ఏడేండ్ల కొద్దిపాటి కాలంలో ఆయన ప్రాచీన శాసనాలను చదివాడు, జైనుల ఆచారాలను గురించి వారి గురువుల నుండి సేకరించిన వివరాలను ఇంగ్లీషులోకి మార్చాడు, ఒక పరిశోధన పద్ధతినే నెలకొల్పాడు. తనకు హిందూ విజ్ఞానపు ద్వారాలు తెరచినవాడు బొర్రయ్యయే అని మెకంజీ చాలాకాలం తరువాత కూడా కృతజ్ఞతతో వ్రాసుకొన్నాడు. అన్న మరణానంతరం తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యతను తలకెత్తుకొన్నాడు. మరొక తమ్ముడు రామస్వామి కూడా మెకంజీ కొలువులో ఉండి, 1829లో దక్కను కవుల చరిత్రలను ఇంగ్లీషులో ప్రకటించాడు. అందులో తన అన్న చరిత్రకు కూడా చోటిచ్చాడు.

1800లో నిజాము కంపెనీకి వదలివేసిన కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలను దత్తమండలాలని వ్యవహరించేవారు. నేటి రాయలసీమలో అధికభాగం అదే. 1809 నుండి 1815 వరకు ఈ సీమలో సర్వే జరిగింది. 1794లో మద్రాసులో నెలకొన్న సర్వే పాఠశాలలో శిక్షణ పొందిన పిన్నవయస్కులు ఇక్కడ కొలతలు కొలిచారు. అనాథశరణాలయం నుండి వచ్చిన బాలురే వారిలో ఎక్కువ. మన కళాశాలల విద్యార్థుల ఈడువారు ఇల్లూ వాకిలీ లేని కొండల మధ్య, వేసవి వడగాడ్పులకు, వానకాలపు చలిజ్వరాలకు ఓర్చి పటాలు గీశారు. వారిలో కొందరు ముదిమి చూడకయే కన్నుమూశారు.

కొలతలవారు పొలాలలో ఉండగా, నారాయణరావు వంటి సేకర్తలు ఊరూరా తిరిగి కైఫియతులు వ్రాయించారు. గండికోట, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమల వృత్తాంతాలు ఇట్లే పోగయ్యాయి. ఈ పని పైకి సుకుమారంగా కనిపించవచ్చు. కాని శాసనాన్ని చదవడమంటే ఏమి? నాచు పట్టిన బండను కడగాలి. గచ్చు కప్పిన అక్షరాన్ని వ్రేలితో తడిమి గుర్తుపట్టాలి. ఏటవాలు వెలుతురు కోసం ఉదయమో సాయంకాలమో కాచుకొని ఉండాలి. గర్భాలయపు చీకటిలో దీపపు పొగకు కళ్లు మండుతున్నా, గొంతుక్కూర్చుని గంటల తరబడి ఒక్కొక్క అక్షరాన్ని చూచి వ్రాయాలి. తడి కాగితాన్ని శిలపై అద్ది సిరాతో ముద్ర తీసే పద్ధతి అప్పటికి ఇంకా వాడుకలోకి రాలేదు. వంగిన నడుము, గుంజుకుపోయిన కంటినరం, మొద్దుబారిన మోకాలు ఆ ప్రతులకు చెల్లించిన మూల్యం. రాజుల పేర్లు శాసనంలో ఉన్నాయి. దానిని మొదట చెక్కిన శిల్పి వ్రేళ్లకూ, తరువాత చూచి వ్రాసిన లేఖకుడి కళ్లకూ చరిత్రలో చోటు దొరకడం అరుదు.

1811లో మెకంజీ జావా దండయాత్రకు వెళ్లాడు. ఆయన మిత్రుడు లేడెన్ కూడా ఆ నౌకాదళంతో వెళ్లాడు. బటేవియా నగరంలో ప్రాచీన గ్రంథాలు ఉన్నాయని విని, గాలి చొరని, చెమ్మగిల్లిన భాండాగారంలోకి లేడెన్ ఆత్రంగా ప్రవేశించాడు. వెలుపలికి వచ్చేసరికి వణుకు, వెంటనే జ్వరం. మూడు రోజులలో ఆయన ప్రాణం విడిచాడు. విద్యాతృష్ణకు శరీరం ఎంత వెల చెల్లించగలదో ఆ మరణం తెలుపుతుంది. అయితే లేడెన్ మరణాన్ని ప్రపంచం స్మరించింది, కవులు విలపించారు. అదే జ్వరంతో అడవులలో ఒరిగిన బోయీకి సంతాపం తెలిపినది అతని కుటుంబం మాత్రమే.

మెకంజీ 1812లో జావాలో వివాహం చేసుకొని, మరుసటి ఏడు భారతదేశానికి తిరిగివచ్చాడు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. పదవి పెరిగినా పురాతత్త్వంపై ఆసక్తి తరగలేదు. 1797లో తాను ఒకసారి చూచిన అమరావతి స్తూపాన్ని 1816లో మళ్లీ సందర్శించాడు. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కొత్తపట్టణం కట్టించే రోజులలో ఆ దిబ్బను తవ్వి రాళ్లు, ఇటుకలు తరలించడం జరిగింది. మిగిలినదానిని మెకంజీ తవ్వించి, చిత్రకారుల చేత శిల్పాలను వ్రాయించాడు. 85 చిత్రాల ఆ సంపుటం నేడు అమరావతి అధ్యయనానికి ప్రాణాధారం. వాటిలోని అనేక శిల్పాలు ఆ తరువాత నాశనమయ్యాయి. ఆ చిత్రాలలో స్తూపం ఉంది, పద్మాలున్నాయి, జాతక కథలున్నాయి. కృష్ణాతీరపు ఎండలో పలుగు పట్టి మట్టిని పెకలించినవారు, నిలువెత్తు రాతిపలకలను మోకులు కట్టి లాగినవారు మాత్రం లేరు. ఒక పలక జారితే పగిలేది శిల్పమే కాదు, కాలు కూడా.

అదే 1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు మెకంజీ చిత్రపటాన్ని వ్రాశాడు. ఎఱ్ఱని సైనిక దుస్తులలో మెకంజీ, ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులు. ఒకరి చేతిలో తాళపత్రం, మరొకరి చేతిలో దూరదర్శిని. దూరదర్శిని పట్టినవాడు కిష్ణాజీ అనే బంట్రోతు. ఒక సర్వేయర్ జనరల్ చిత్రపటంలో బంట్రోతుకు చోటు లభించడం, అతని పేరు నిలవడం ఆ కాలంలో విశేషమే. ఈ చిత్రం చూస్తే తన కీర్తి ఒంటరి కీర్తి కాదని మెకంజీ గ్రహించాడని తోస్తుంది. కాని కిష్ణాజీ ఒక్కడే. అతనివంటి వందలమంది చట్రానికి వెలుపలనే ఉండిపోయారు.

మెకంజీ 1817లో కలకత్తా చేరాడు. నాలుగు దశాబ్దాల ప్రయాణాలు, జ్వరాలు ఆయన దేహాన్ని కృశింపజేశాయి. సేకరించినదంతా క్రమపరచి గ్రంథంగా వెలువరించాలన్న ఆశ తీరలేదు. 1821 మే 8న, హుగ్లీ నది మీద ప్రయాణంలో, కలకత్తా సమీపంలో ఆయన మరణించాడు. కంపెనీ ప్రభుత్వం ఆయన భార్యకు లక్ష రూపాయలు చెల్లించి ఆ భాండాగారాన్ని తీసుకొన్నది. 1828లో విల్సన్ పండితుడు ప్రకటించిన పట్టికలో 1,568 వ్రాతగ్రంథాలు, 2,070 స్థానిక వృత్తాంతాలు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు, 2,630 చిత్రాలు లెక్కకు వచ్చాయి. 8,076 శాసనాలంటే 8,076 మార్లు ఎవరో ఒక రాతిముందు వంగారని అర్థం.

మెకంజీ పోయిన తరువాత ఆ పనిని కొనసాగిస్తానని కావలి లక్ష్మయ్య ముందుకువచ్చాడు. దాదాపు రెండు దశాబ్దాలు ఈ పరిశోధనను నడిపిన అనుభవశాలి ఆయన. అయినా కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ 1836లో ఆయన అర్హతను అంగీకరించలేదు. స్థానికుడు సమాచారం పోగుచేయగలడే గాని, దానిని విమర్శించి విలువ కట్టలేడన్నది వారి భావం. శ్రమకు పనికివచ్చిన మనిషి అధికారానికి పనికిరాకపోయాడు. శరీరానికి తగిలిన దెబ్బలు కొన్నాళ్లకు మానవచ్చు. ఇటువంటి దెబ్బ మానదు.

పురుగులు తిని శిథిలమవుతున్న కైఫియతులకు మళ్లీ ప్రతులు వ్రాయించి కాపాడినవాడు సి.పి. బ్రౌన్. ఆయన కడపలో బంగళా కొని పండితులను పోషించి తెలుగు కావ్యాలకు పునర్జన్మనిచ్చిన సంగతి ప్రసిద్ధమే. అక్కడ కూడా ప్రతి పుటను లేఖకుల వ్రేళ్లే నింపాయి. మెకంజీ సేకరణలు నేడు చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలోను, లండనులోని బ్రిటిష్ లైబ్రరీలోను ఉన్నాయి. కడప జిల్లా కైఫియతులు సంపుటాలుగా అచ్చయి పాఠకులకు అందాయి.

పురాతత్త్వశాస్త్రం ఆ తరువాత ఎంతో ఎదిగింది. 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయను తవ్వి, సాగరజలాలలో మునిగిపోనున్న కట్టడాలలో ముఖ్యమైనవాటిని కొండమీదికి తరలించి తిరిగి నిలిపారు. రాయి రాయికీ అంకె వేసి, చెక్కుచెదరకుండా చేర్చిన ఘనకార్యమది. ఆ రాళ్లను మోసినవీ మనుషుల వెన్నెముకలే. పలుగు, పార, తట్ట, చిన్న కుంచె నేటికీ తవ్వకానికి సాధనాలు. దుమ్ము పీల్చే ఊపిరి, కుదువకూర్చున్న మోకాలు, మండే మాడు నేటికీ ఉన్నాయి. మారవలసినది ఏమంటే, ఆ శరీరాలను కూడా కాపాడవలసిన సంపదగా భావించడం. తవ్వినచోట నీడ, త్రాగునీరు, విశ్రాంతి, వైద్యం, న్యాయమైన కూలి ఉండాలి. నివేదిక చివర పలుగు పట్టినవారి పేర్లు కూడా ఉండాలి. ఒక కుండపెంకుకు అంకె వేసి పదిలపరిచే శాస్త్రానికి ఆ పెంకును వెలికితీసిన మనిషి పేరు వ్రాసుకొనడం భారం కాదు.

మెకంజీ నిస్సందేహంగా గొప్పవాడు. తన సంపాదనలో అధికభాగం ఈ సేకరణకే వెచ్చించి, తన ఆరోగ్యాన్ని ధారపోసి, ఒక జాతి జ్ఞాపకాలను ఆ జాతికి మిగిల్చినవాడు. ఆయన గొప్పతనాన్ని తలచుకొనేటప్పుడు బొర్రయ్య అర్ధాయుష్షును, లక్ష్మయ్య అవమానాన్ని, కిష్ణాజీ నిలుచున్న కాళ్లను, పేరు తెలియని బోయీల భుజాలను కూడా తలచుకొనాలి. అట్లు తలచుకొంటే ఆయన కీర్తికి లోటు రాదు. చరిత్ర అంటే రాజుల వంశావళి మాత్రమే కాదని, ఆ వంశావళిని మన చేతికి చేర్చినవారి శ్రమ కూడా చరిత్రేనని తెలిసివస్తుంది. కైఫియతు పుటలు తిప్పే ప్రతి విద్యార్థీ ఆ శ్రమకు ఋణగ్రస్తుడే.